తలుపు గంటకు తిండి ఎవరు పెట్టాలి?

కడప అనే పేరు గడప నుంచే వచ్చిందని బీఏలో మా తెలుగు మాస్టారు చెప్పేవారు. తిరుమలకు పోయేవాళ్లు ముందు దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుని పోవాలని, అది కొండకు గడప లాంటిదని పెద్దల మాట. ఇక మా పుట్టిల్లు కర్నూలు, అంటే కందెనవోలు. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటబోయే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని కథ. అత్తగారి ఊరు గడప, అమ్మగారి ఊరు కందెన. తలుపు గురించి రాయడానికి ఇంతకంటే అర్హత ఏం కావాలి చెప్పండి!

మా అత్తమ్మ కడపలో ఒక్కతే ఉంటుంది. డెబ్బై నాలుగేళ్లు. మామయ్య పోయినప్పటి నుంచి కర్నూలుకు రమ్మని మేం పోరుతూనే ఉన్నాం. "ఈ గడప ఇడిసిపెట్టి నేను యాడికీ రాను" అంటుంది. డాలస్‌లో ఉండే మా మరిది నిరుడు వచ్చినప్పుడు బ్యాటరీతో నడిచే వీడియో డోర్‌బెల్ ఒకటి తెచ్చి ద్వారబంధం పక్కన బిగించి పోయాడు. ఎవరైనా గంట నొక్కితే అక్కడ వాడి ఫోను, ఇక్కడ నా ఫోను రెండూ మోగుతాయి. వచ్చిన మనిషి కనిపిస్తాడు, మాట్లాడొచ్చు. అంతా బాగానే ఉంది. కాకపోతే బ్యాటరీ అయిపోయినప్పుడు దాన్ని విప్పి, ఛార్జింగు పెట్టి, మళ్లీ బిగించాలి. నెలల తరబడి వస్తుందని డబ్బా మీద రాశారు. మా వీధిలో నాలుగు వారాలు వస్తే గొప్ప. ఒక కొడుకు డాలస్‌లో, ఇంకో కొడుకూ కోడలూ కర్నూలులో. మరి ఈ పని ఎవరు చేయాలి?

అది తేల్చుకునే లోపల నాకు చరిత్ర పురుగు కుట్టింది. తలుపు దగ్గర కాపలాకు ఒక్కో కాలంలో ఒక్కో రకం తిండి ఉండేది కదా, ఎవరు పెట్టేవారు అని వెనక్కి పోయి చూడాలనిపించింది.

మా అవ్వగారిది పాణ్యం వైపు పల్లె. నాపరాళ్ల మిద్దె, ముందు జగిలి. పొద్దున తీసిన తలుపు మళ్లీ రాత్రికే మూసేది. గంట అన్న మాటే లేదు. వచ్చినవాళ్లు జగిలి దగ్గర నిలబడి "మోవ్, యాడున్యావు" అని ఒక కేక వేస్తే, ఆ గొంతును బట్టి లోపల అవ్వ ముందే లెక్క కట్టేది, చెంబుతో నీళ్లు తీసుకురావాలా, చేటలో జొన్నలు తీసుకురావాలా అని. మూసిన తలుపయితే గొలుసు టకటకలాడించాలి. ఆ గొలుసు కొట్టే తీరును బట్టి కూడా మనిషి తెలిసిపోయేది. దీనికి అయ్యే ఖర్చంతా లోపల ఒక మనిషి మెలకువగా ఉండటమే. ఆ మనిషి ఎప్పుడూ ఆడమనిషే అని వేరే చెప్పాలా?

ఊరి మొత్తానికి కాపలా బురుజు. మన సీమ పల్లెల్లో ఇప్పటికీ అక్కడక్కడా సగం కూలిన బురుజులు కనబడతాయి. పాలెగాళ్ల పోట్లాటల కాలం అది. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేశాక కూడా భయం పూర్తిగా పోలేదు. 1816లో పిండారీల గుర్రాలు గుంటూరు, కడప వైపు వచ్చి దోచుకుపోయాయి. బురుజెక్కి దూరంగా లేచే దుమ్ము చూసి ఊరిని హెచ్చరించే మనిషే అప్పటి కెమెరా, అప్పటి గంట. కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజును సినిమాల్లో చూసి అందరూ చప్పట్లు కొడతారు గానీ, దాని అసలు పని కూడా కాపలాయే. ఊరు కాసే తలారికి కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఇంత అని తీసిపెట్టేవారు. దాన్ని మేర అనేవారు. నన్నడిగితే ఛార్జింగు అన్నది అక్కడే మొదలైంది. గింజలు కొలవకపోతే బురుజు మీద మనిషి ఉండడు.

కరెంటు గంట మనం అనుకునే దానికంటే పాతది. అమెరికాలో ఆల్బనీ అనే ఊళ్లో జోసెఫ్ హెన్రీ అనే మాస్టారు 1831లో గది గోడల చుట్టూ మైలు పొడవు తీగ చుట్టి, ఈ కొస నుంచి ఆ కొసన ఉన్న గంటను కరెంటుతో మోగించాడు. కానీ ఆ కాలంలో ఇళ్లకు కరెంటు తీగలు ఎక్కడివి? గంట ఇంట్లోకి రావాలంటే ఇంట్లోనే కరెంటు పుట్టాలి. ఆ పని 1866లో ఫ్రాన్సు దేశస్థుడు జార్జి లెక్లాంషే చేశాడు. గాజు జాడీ, అందులో జింకు కడ్డీ, మాంగనీసు పొడిలో కూరిన బొగ్గు కడ్డీ, నవాసాగరం కలిపిన నీళ్లు. ఇంతే సరంజామా.

నవాసాగరం అంటే మీలో కొందరికైనా గుర్తుండాలి. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు వీధిలోకి వచ్చి కొలిమి పెట్టి, కాలిన గిన్నెలో తెల్లటి పొడి చల్లి దూదితో రుద్దితే గుప్పున పొగ లేచేది చూడండి, అదే. మన అమ్మలు సాంబారు గిన్నెకు కళాయి వేయించుకున్న ఆ ఉప్పుతోనే సీమదొరల ఇళ్లల్లో తలుపు గంటలు మోగాయంటే నాకు భలే ముచ్చటేసింది.

ఈ జాడీ సెల్లుకు ఒక గుణం ఉంది. ఎక్కువసేపు పని చేయిస్తే నీరసపడుతుంది. కాసేపు వదిలేస్తే తనంతట తాను తేరుకుంటుంది. తలుపు గంట రోజుకు పదిసార్లు, ఒక్కోసారి రెండు క్షణాలు మోగేది కాబట్టి ఆ రెండూ అతికినట్టు సరిపోయాయి. కానీ జాడీలో నీళ్లు ఆవిరైపోతే ఎవరో ఒకరు పోయాలి. జింకు తినేస్తే మార్చాలి. ఆ ఇళ్లల్లో అది పనివాళ్ల వంతు. గంటకు తిండి పెట్టే పని గంటతో పాటే పుట్టిందన్న మాట.

1886లో జర్మనీలో కార్ల్ గాస్నర్ ఆ జాడీలోని నీళ్లను ముద్దగా మార్చి, జింకు డబ్బాలో పెట్టి మూసేశాడు. ఒలికిపోని సెల్లు వచ్చింది. మన పల్లెల్లోకి వచ్చింది ఇదే. కాకపోతే మన దగ్గర తలుపు గంటలోకి కాదు, చేతి లైటులోకి. సీమలో టార్చి లైటును టార్చి అనరు, బ్యాటరీ అంటారు. "బ్యాటరీ ఏసుకోని పో, పురుగూ పుట్రా ఉంటాయి" అనే మాట వినకుండా చేనికి పోయిన రైతు లేడు. రాత్రిపూట మోటరుకు కరెంటు ఇస్తే మడికి నీళ్లు కట్టడానికి అర్ధరాత్రి బ్యాటరీ పట్టుకునే పోయేవాళ్లు. ఆ సెల్లు మనకు మరీ దూరపుదీ కాదు. 1972లో పుట్టిన ఇండో నేషనల్ కంపెనీ జపాను మత్సుషితా వాళ్ల సాయంతో నెల్లూరులోనే నిప్పో సెల్లులు చేసింది.

సెల్లు డల్ అయితే ఏం చేసేవాళ్లం? మిద్దె మీద ఎండలో పెట్టేవాళ్లం. వడియాల పక్కన రెండు సెల్లులు, మిరపకాయల పక్కన రెండు సెల్లులు. సాయంత్రానికి తీసి వేస్తే లైటు ఇంకో రెండు రోజులు వెలిగేది. సెల్లులోకి ఎండ ఎక్కిందనుకునేవాళ్లం. నిజానికి ఎండ ఏమీ ఎక్కలేదు. లెక్లాంషే జాడీకి ఉన్న గుణమే దీనికీ ఉంది. విశ్రాంతి దొరికితే తేరుకుంటుంది, వెచ్చబడితే లోపలి రసాయనాలు కాస్త చురుగ్గా కదులుతాయి. మిగిలిపోయిన శక్తిని చివరి చుక్క వరకూ పిండుకోవడమే తప్ప కొత్తగా నింపింది ఏమీ లేదు. అయినా మన ఎండకు ఒక ఉపయోగం ఉందని చిన్నప్పుడు నమ్మిన ఏకైక సాక్ష్యం అది. దీన్ని గుర్తు పెట్టుకోండి, ముందు పని పడుతుంది.

తర్వాత ఇళ్లకు కరెంటొచ్చింది, కాలింగ్ బెల్లొచ్చింది. కోయిల కూత, చిలక పలుకు, గాయత్రీ మంత్రం, ఏది కావాలంటే అది. మా కడప జిల్లాలోనే కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం 1994లో కరెంటు తీయడం మొదలుపెట్టింది. (తెలుగు బీఏ దాన్ని కాబట్టి ఇక్కడ ఒక్క మాట. మనకు దొరికిన తొలి తెలుగు శాసనం, రేనాటి చోళుడు ధనంజయుడిది, ఆ కలమల్లలోదే. ఆరో శతాబ్దపు అక్షరాలూ, ఇరవయ్యో శతాబ్దపు పొగగొట్టాలూ ఒకే ఊళ్లో.) అయినా కోతలు మాత్రం తప్పలేదు. 2012, 2013లలో కరెంటు ఉన్న గంటలు లెక్కపెట్టుకుని మిక్సీ తిప్పిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. కరెంటు లేకపోతే కోయిల కూయదు. మళ్లీ తలుపు కొట్టడమే, మళ్లీ కేక వేయడమే. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలులోకి వచ్చినప్పుడైతే రోజుల తరబడి కరెంటు లేదు. మేం మేడ మీదున్నాం. కింద ఎవరైనా పిలిస్తే వినబడాలని మెట్ల దగ్గర వంతులవారీగా కూర్చున్నాం, చేతిలో బ్యాటరీతో. ఆ మూడు రాత్రులూ మా ఇంటికి బురుజు మీద తలారులం మేమే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ మధ్య బయటి దేశాల నుంచి పిల్లలు పంపే డోర్‌బెల్ పుస్తకంలో "మీ పాత బెల్లు తీగలకు కలుపుకోండి, ఛార్జింగు బాధ ఉండదు" అని రాసి ఉంటుంది. అమెరికా ఇళ్లల్లో బెల్లుకు ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, తీగల్లో పారేది 16 నుంచి 24 వోల్టులే. మన ఇళ్లల్లో మామూలు బెల్లు స్విచ్చులోకి వచ్చేది నేరుగా 230 వోల్టులు. ఆ తీగలకు దీన్ని తగిలిస్తే వస్తువు కాలిపోతుంది, మనిషికీ ప్రమాదం. మా ఎలక్ట్రీషియను ఆ పుస్తకం బొమ్మ చూసి "మేడమ్, ఇది మన దేశం బొమ్మ కాదు" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

మరి గంటకు కన్ను ఎప్పుడు వచ్చింది? ఇది మాత్రం ఒక ఆడమనిషి పుణ్యం. న్యూయార్కులో క్వీన్స్ అనే చోట మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. నల్లజాతి మహిళ. వేళాపాళా లేని డ్యూటీలు, భర్తవీ అలాంటివే. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా తలుపు కొడితే లేచిపోయి చూడటానికి భయం. భార్యాభర్తలిద్దరూ కలిసి 1966లో పేటెంటుకు అర్జీ పెట్టారు, 1969 డిసెంబరులో వచ్చింది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో నాలుగు రంధ్రాలు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో టీవీ, మాట్లాడటానికి మైకు, అక్కడి నుంచే తలుపు తీసే మీట. పొడుగువాళ్లకు ఒక రంధ్రం, పిల్లలకు ఒక రంధ్రం అని ఆలోచించింది చూడండి, అది ఇల్లు నడిపే మనిషి బుర్ర. కాకపోతే అదంతా తీగల మీద నడిచేది. తీగ లేకుండా తలుపుకు అతికించాలంటే చిన్నదిగా ఉండి, మళ్లీ మళ్లీ నింపుకోగలిగే సెల్లు కావాలి. దానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ సెల్లు లిథియం సెల్లు. విటింగ్‌హామ్ మొదలుపెట్టాడు, గుడెనఫ్ దానికి బలం తెచ్చాడు, జపానులో యోషినో దాన్ని ఇంట్లో వాడుకునేంత భద్రంగా చేశాడు. 1991లో సోనీ అమ్మకానికి తెచ్చింది. 2019లో ముగ్గురికీ కలిపి నోబెల్ ఇచ్చారు. అప్పటికి గుడెనఫ్‌కు తొంభై ఏడేళ్లు! మా అత్తమ్మకు ఈ సంగతి చెప్తే "అన్నేళ్లు వాయన బ్యాటరీ దిగలేదు సూడు" అంది. మన సీమలోనూ, తిరుపతిలో 2022 సెప్టెంబరులో లిథియం సెల్లుల ఫ్యాక్టరీ తొలి ఉత్పత్తి మొదలుపెట్టింది.

ఇప్పుడు ఎండ సంగతికి వద్దాం. చిన్నప్పుడు ఎండలో పెడితే బతికిన సెల్లు, ఇప్పుడు ఎండలో పెడితే చస్తోంది. లిథియం సెల్లును సాధారణంగా సున్నా నుంచి 45 డిగ్రీల మధ్యే ఛార్జి చేయాలి. వేడిలో ఉంచేకొద్దీ దాని ఆయువు తరుగుతుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది. మరిది ఇచ్చిన పుస్తకంలో మంచు కురిస్తే ఏం చేయాలో ఒక పేజీ నిండా ఉంది. మే నెలలో పడమటి గోడ మీద ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. కడపలో మధ్యాహ్నం నీడలోనే నలభై దాటుతుంది. ఎండ తగిలే నల్లటి ప్లాస్టిక్ పెట్టె లోపల ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. మా అత్తమ్మ ఇల్లు పడమటి వాకిలి.

బ్యాటరీ తొందరగా దిగడానికి ఇంకో కారణం వీధే. ఈ గంట మామూలుగా నిద్రపోతూ ఉంటుంది. ఎదుట వెచ్చటి ప్రాణి కదిలితే లేచి, వీడియో తీసి, ఫోనుకు పంపి మళ్లీ పడుకుంటుంది. లేచిన ప్రతిసారీ ఖర్చు. డాలస్‌లో ఇంటి ముందు రోజుకు నలుగురు కదులుతారేమో. కడప వీధిలో పాలవాడు, పూలమ్మి, ఆకుకూరల బండి, బడి పిల్లలు, మూడు బర్రెలు, లెక్కలేనన్ని కుక్కలు. పాపం దానికి నిద్రెక్కడిది? చూపు మెట్ల వరకే ఉండేలా ఫోనులో హద్దు గీశాక నాలుగు వారాలు కాస్తా ఏడయింది.

కరెంటు ఖర్చు లెక్క కూడా వేశాను. ఇలాంటి బ్యాటరీ సుమారు 6000 ఎంఏహెచ్, 3.7 వోల్టులు. అంటే 22 వాట్ అవర్లు. ఒక యూనిట్ అంటే 1000. మధ్యలో పోయేది పోయినా ఒక యూనిట్‌తో ముప్పైసార్లు నింపొచ్చు. మధ్యాహ్నం పెడితే ఆ కరెంటులో కొంత మా అవ్వగారి ఊరి ఎండదే కావచ్చు. పాణ్యం దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. ఆ పక్కనే పిన్నాపురంలో మిగులు కరెంటుతో పగలు నీళ్లు పై చెరువుకు ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేలా 1680 మెగావాట్ల పథకం తలపెట్టారు. కొండంత బ్యాటరీ అది. మిద్దె మీద సెల్లులు ఆరబెట్టిన ఊళ్లకు దగ్గర్లో!

కాబట్టి ఖర్చు సమస్య కాదు, ఎండకు విరుగుడు ఉంది, వీధికి హద్దు గీశాం. మిగిలింది మనిషి. అదెంత పెద్ద సంగతో పోయిన శ్రావణంలో తెలిసింది.

అత్తమ్మ రోజూ ఆరింటికి కల్లాపి చల్లి ముగ్గు వేస్తుంది. ఆ గంట ఆమెను చూసి నా ఫోనులో ఒక చిన్న చప్పుడు చేస్తుంది. నేను స్టవ్ ముందు నిలబడి ఆ ముగ్గు చూసి, సరే బాగుంది అనుకుని టీ పెట్టుకుంటాను. గంట పెట్టింది దొంగల కోసమే అయినా నాకు పనికొచ్చింది మాత్రం ఇందుకు. ఒక శుక్రవారం ఆరున్నరయినా చప్పుడు లేదు. ఏడయింది. ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. బ్యాటరీ చచ్చిందా, మనిషికేమన్నా అయిందా? చప్పుడు లేకపోవడం రెండింటికీ ఒకటే కదా. పక్కింటివాళ్లను లేపి పంపితే తలుపుకు తాళం, వాకిట్లో చక్కని చుక్కల ముగ్గు. ఆమె గుడికి పోయింది, ఫోను ఇంట్లో పెట్టి. బ్యాటరీ తెల్లవారుజామున దిగిపోయింది. ఆ ముప్పావుగంట నాకెలా గడిచిందో రాయను.

ఆ తర్వాత ముగ్గురం కూర్చుని, అంటే ఒకరు డాలస్‌లో ఒకరు కర్నూలులో ఒకరు కడపలో ఫోన్లలో కూర్చుని, పనులు పంచుకున్నాం. మరిది ఇంకో బ్యాటరీ పంపాడు, ఒకటి ఛార్జింగులో ఉంటే ఇంకోటి తలుపులో ఉండేలా. గంటను పడమటి ఎండ తగలని చోటికి, సజ్జ కిందికి జరిపించాం. కింద నక్షత్రం ఆకారం స్క్రూ ఒకటి ఉంటుంది, ఆమె వేళ్లకు లొంగదు. దాన్ని విప్పి బిగించే పని పక్కింట్లో డిగ్రీ చదివే పిల్లవాడిది. పర్సెంటు చూసే పని నాది. ఛార్జింగు మాత్రం తనే పెడతానంది. పరుపు మీదా, స్టవ్ దగ్గరా వద్దు అత్తా, చల్లగా ఉండే చోట పెట్టు అంటే, దేవుడి గదిలో కడప బండ మీద చోటు చూసింది.

ఎప్పుడు పెట్టాలన్నది మేం తేదీలు చెప్తుంటే ఆమె వినలేదు. పూర్తిగా దిగే దాకా ఆగాల్సిన పని లేదని, లిథియం సెల్లును మధ్యలో నింపుకున్నా తప్పు లేదని మరిది చెప్పగానే తనే తేల్చేసింది.

"ఏకాశి ఏకాశికీ నేను ఒక్కపొద్దుంటా కదా. ఆ పొద్దు దానికి తిండి పెడతా. నాకు ఆకలైతాంటే అదే గుర్తొస్తాది."

మొన్నటి ఏకాదశి నాడు సాయంత్రం నాలుగింటికి ఫోనులో నూరు పర్సెంటు చూపించింది. ఆరింటికి ఆ పిల్లవాడు వచ్చి బిగించిపోయాడు.